మన గట్టు మీదకొస్తేనే అన్యాయమా?

మీ ప్రశ్న - మా జవాబు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు ఎక్కువ భాగం ఒకే గొడవ చుట్టూ తిరిగాయి, సర్కారు హద్దు దాటితే ఎవరి కోసం అడగాలి, ఎవరి విషయంలో గమ్మున ఉండిపోతున్నాం అని. అందుకే మిగతావన్నీ వచ్చే నెలకి పెట్టి ఇవే తీసుకున్నా. పేర్లు, ఊర్లు వద్దన్నవాళ్ళవి తీసేశాం.

ప్రశ్న: అమ్మా, మాది కందుకూరు వైపు ఒక పల్లె, ఊరి పేరు రాయబాకండి. ఫ్యాక్టరీ కోసం మా పట్టా భూములు తీసుకుంటామని నోటీసులిచ్చారు, మామిడి తోటలు అవి. గ్రామసభలో వద్దన్నాం, రోడ్డు మీద కూర్చున్నాం, మా కుర్రాళ్ళ మీద కేసులు పెట్టారు. ఇది ప్రభుత్వ దౌర్జన్యం కాదా? అయితే ఇప్పుడు మా ఇంట్లోనే గొడవ వచ్చింది. కలెక్టర్‌కిచ్చే అర్జీలో తమ డీకేటీ భూముల (సర్కారు పేదలకి అసైన్ చేసినవి) సంగతి కూడా రాయమని అరుంధతీవాడ వాళ్ళు అడిగారు, ఎస్టీ కాలనీలో యానాదులు కూడా అడిగారు. మా పెద్దలు ఒప్పుకోలా. వాళ్ళది గవర్నమెంటు భూమి, మనది తాతల నాటి పట్టా, రెండూ కలిపితే మన కేసు పల్చబడుద్ది అన్నారు. అంతకుముందు చెరువు పోరంబోకులో యానాదుల గుడిసెలు జేసీబీతో తీసేసినప్పుడు మేమెవరం మాట్లాడలా, మాలో కొందరు మంచిపనే చేశారన్నారు కూడా. బెంగుళూరులో ఉండే మా అబ్బాయి "అప్పుడు నోరు మూసుకున్నోళ్ళు ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అరుస్తున్నారు నాన్నా" అని ఫోన్లో అంటున్నాడు. మాది హక్కు, వాళ్ళది ఆక్రమణ, రెండూ ఒకటెట్టా అవుతాయి? (ఒక రైతు)

జవాబు: అన్నా, మీ భూమి కోసం మీరు రోడ్డెక్కడం నూటికి నూరుపాళ్ళు న్యాయం, మామిడి చెట్టు కాపుకొచ్చేదాకా ఎన్నేళ్ళు సాకాలో తెలిసిన వాళ్ళెవరూ సర్కారు ఆ చెట్టుకి కట్టే రేటు చూసి ఊరుకోలేరు. మీ అబ్బాయి అడిగిందీ న్యాయమే. అట్టాగని మీరు ఇంటికి పోయి కూర్చోవాల్సిన పని లేదు, మీ అర్జీలో ఇంకో రెండు పేరాలు పెరగాలి, అదీ జరగాల్సింది.

ముందు చట్టం సంగతి చెప్తా, ఎందుకంటే కేసు పల్చబడుద్దని మీ పెద్దలు అన్నది చట్టం ప్రకారం చూసినా నిలవదు. 2013 భూసేకరణ చట్టం నష్టపోయే కుటుంబాల్లో పట్టాదారులతో పాటు ప్రభుత్వం అసైన్ చేసిన భూమి ఉన్నవాళ్ళని కూడా చేర్చింది, సొంతానికి సెంటు భూమి లేకపోయినా మూడేళ్ళుగా ఆ భూముల్లో కూలికి పోయి, కౌలు చేసుకుని బతికే కుటుంబాలని కూడా చేర్చింది. ప్రైవేటు కంపెనీ కోసం తీసుకునేటప్పుడు 80 శాతం కుటుంబాలు ఒప్పుకోవాలి, ప్రభుత్వం ప్రైవేటు కలిసి చేసే ప్రాజెక్టయితే 70 శాతం, ఈ లెక్కలో పట్టాదారులనీ అసైన్డ్ భూమి ఉన్నవాళ్ళనీ కలిపే లెక్కపెట్టాలి. అంటే మీ ఊళ్ళో వద్దు అనే చేతుల్లో అరుంధతీవాడ చేతులు కూడా ఉన్నాయి. వాళ్ళని మీరు బయట నిలబెడితే అధికారులు ముందు ఆ వాడకే పోయి సంతకాలు పెట్టించుకుంటారు, అప్పుడు మీ లెక్కే తప్పుద్ది. ఇంకో మాట, మన రాష్ట్రం 2018లో సవరణ తెచ్చుకుని కొన్ని రకాల ప్రాజెక్టులకి ఈ ఒప్పుకోలు, సామాజిక ప్రభావ అంచనా లేకుండా చేసుకునే వీలు పెట్టుకుంది, కాబట్టి మీ నోటిఫికేషన్ ఏ సెక్షన్ కింద వచ్చిందో ఎవరైనా లాయర్‌తో చదివించుకోండి, ఊరికే విని వదిలేయబాకండి. నష్టపరిహారం సంగతికొస్తే డీకేటీ భూమికి కూడా పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ కట్టివ్వాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే మేకల పాండు కేసులో చెప్పింది. వాళ్ళది గవర్నమెంటు భూమి అనే మాట కోర్టే ఒప్పుకోనప్పుడు మనమెందుకు మోయాలి?

ఇదంతా మీకు లాభం కాబట్టి వాళ్ళని కలుపుకోండి అన్నట్టు ఉంది, అక్కడితో ఆగితే నేను చెప్పాలనుకున్నది చెప్పనట్టే. లాభం లేకపోయినా కలుపుకోవాలి అనేది నా మాట.

మీకు 2022 ల్యాండ్ టైట్లింగ్ చట్టం గుర్తుండే ఉంటుంది. 2024 ఎన్నికల ముందు ఏ రచ్చబండ మీద చూసినా అదే మాట, మన భూమి మనదా కాదా అని తేల్చేది ఒక ఆఫీసరంట, గొడవొస్తే సివిల్ కోర్టుకి పోయే దారి కూడా లేదంట అని. ఆ భయం నిజమైందే, కోర్టు తలుపు మూసేసి సర్కారు తన ఆఫీసరునే జడ్జిని చేసుకోవడం ఎంత ప్రమాదమో పల్లెటూరి రైతుకి ఎవరూ పాఠం చెప్పకుండానే అర్థమైంది, 2024 జులైలో కొత్త అసెంబ్లీ ఆ చట్టాన్ని రద్దు చేసింది. మంచిదే అయింది. అయితే 1977 అసైన్డ్ భూముల చట్టం ఒకసారి తీసి చదవండి అన్నా. పేదోడి దగ్గర డబ్బున్నోడు భూమి కొనుక్కోకుండా కాపాడటానికి తెచ్చిన చట్టం అది, ఉద్దేశం మంచిదే, కానీ అమ్మారా కొన్నారా అని విచారించేదీ తీర్పిచ్చేదీ భూమి వెనక్కి తీసుకునేదీ అంతా రెవెన్యూ వాళ్ళే, అప్పీలు కూడా పై రెవెన్యూ అధికారికే, ఆ ఉత్తర్వుల్ని సివిల్ కోర్టులో ప్రశ్నించకూడదు, ఇంజంక్షన్ తెచ్చుకోకూడదు అని అందులోనే రాసుంది. టైట్లింగ్ చట్టంతో పట్టాదారుకి వణుకు పుట్టించిన ఆ పద్ధతి కిందే డీకేటీ రైతు 1977 నుంచీ బతుకుతున్నాడు. మన గుమ్మం దాకా రాలేదు కాబట్టి మనకది దౌర్జన్యంగా కనపళ్ళా, రూలుగా కనపడింది.

ఇక చెరువు దగ్గర గుడిసెలు. మీ నోటీసుల మీద మీరు చెప్పేదేంది? మా మాట వినలా, పోలీసుల్ని ముందు పెట్టుకుని వచ్చారు, టైం ఇవ్వలా అని కదా. యానాదుల గుడిసెల దగ్గర కూడా అవే మూడూ జరిగాయా లేదా చెప్పండి. ఆక్రమణే అనుకుందాం, 1905 నాటి భూ ఆక్రమణల చట్టం, బ్రిటిష్ వాడు రాసింది, అందులో కూడా ఖాళీ చేయించే ముందు నోటీసు ఇచ్చి జవాబు వినాలి అనే ఉంది. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో, అది బొంబాయి ఫుట్‌పాత్ మీద బతికేవాళ్ళ కేసు, బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమే, చెప్పకుండా తోసేయడానికి లేదు అంది సుప్రీంకోర్టు. 2024 నవంబర్ 13న బుల్డోజర్ల మీద ఇచ్చిన తీర్పులో 15 రోజుల నోటీసు తప్పనిసరి అంది, దాంట్లో రోడ్లకీ నీటి వనరులకీ మినహాయింపు ఉంది, అది కూడా చెప్పాలి, చెరువు పోరంబోకు అంటే ఆ తీర్పు మీ ఊరి గుడిసెలకి వర్తించదని వాదించొచ్చు. 1905 చట్టం నోటీసు మాత్రం ఎటూ పోదు.

మా నెల్లూరు వైపు ఒక చెరువు దగ్గర ఇట్టాంటిదే జరిగిన మర్నాడు నేను వెళ్ళా. గుడిసె ఉన్న చోట మట్టి కుప్ప, విరిగిన తాటి దూలాలు, ఎలుకల బుట్ట ఒకటి నలిగిపోయి ఉంది. ఒక పెద్దావిడ ఆ కుప్పని చేత్తో తవ్వుతోంది, ఎవరు పలకరించినా తలెత్తట్లా. ఏంటమ్మా అంటే చూరులో దోపిన ప్లాస్టిక్ కవరంట, దాంట్లో రేషన్ కార్డు, మనవడి ఆధార్ ఉన్నాయంట. అవి పోతే రేపు ఇంటి స్థలం ఇస్తామన్నా ఆమె ఎవరో రుజువు లేదు. జేసీబీ వచ్చేముందు ఒక్క పూట టైం ఇచ్చి ఉంటే ఆ కవరు ఆమె నడుముకి ఉండేది. చెరువు బాగుండాలి, నేను కూడా కోరుకుంటా, కానీ ఆ ఒక్క పూట కూడా ఇవ్వకపోవడానికీ చెరువు బాగుకీ ఏ సంబంధం లేదు.

అదే చెరువు కింద, అదే కాలవ పక్కన, సముద్రం వైపు పోతే రొయ్యల గుంటలు ఎట్టా పాకాయో మన రెండు జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో తీర ప్రాంత నియంత్రణ హద్దుల్లో ఉన్న రొయ్యల చెరువులన్నీ తీసేయాలంది. ఏమైంది? 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి తీర ప్రాంత నిబంధనల నుంచి ఆక్వాకి మినహాయింపిచ్చింది, అది కూడా 1991 నుంచే వర్తించేట్టు వెనక్కి జరిపి మరీ. దాని మీద ఎంతోమంది బతుకుతున్నారు, రైతులున్నారు, నిజమే, ఆ బతుకుల్ని లెక్కలోకి తీసుకుని చట్టాన్నే మార్చారు కదా. గుడిసెలో ఉన్నోళ్ళ బతుకుకి నోటీసు కాయితం కూడా దక్కలా. నేను అడిగేది ఈ తేడా గురించే.

కాబట్టి అర్జీ మళ్ళీ రాయండి. మీ సర్వే నెంబర్ల కిందే డీకేటీ సర్వే నెంబర్లు రాయండి, ఎస్టీ కాలనీ కుటుంబాల పేర్లు రాసి చెరువు దగ్గర తీసేసిన గుడిసెలకి ప్రత్యామ్నాయ స్థలం అడగండి. సోమవారం గ్రీవెన్స్‌కి మీ పెద్దలతో పాటు వాళ్ళనీ తీసకపొండి, మాట్లాడేటప్పుడు వాళ్ళ సంగతి వాళ్ళనే చెప్పనీయండి. మీ అబ్బాయికి ఆ అర్జీ ఫోటో తీసి పంపండి.

ప్రశ్న: మేడమ్, నాది సింగరాయకొండ. నేను ఒక పార్టీకి గట్టి అభిమానిని, ఏ పార్టీ అనేది వద్దులెండి. రోడ్ల మీద సభలు, ర్యాలీలు ఆపే జీవో నెంబర్ 1 వచ్చినప్పుడు ఇది చీకటి జీవో అని మేమంతా పోస్టులు పెట్టాం. ఇప్పుడు మా వాళ్ళు అధికారంలో ఉంటే పోలీసు చట్టం సెక్షన్ 30 పెట్టి అవతల వాళ్ళ ర్యాలీలు ఆపుతున్నారు, పోస్టులు పెట్టిన కుర్రాళ్ళని తెల్లారేలోగా ఎత్తుకుపోతున్నారు. ఇదేంది అంటే మా గ్రూపులో "వాళ్ళు చేసినప్పుడు ఏమైంది" అని నా మీదే పడుతున్నారు. నేను పార్టీ ద్రోహినా?

జవాబు: కాదు తమ్ముడూ. మీ పార్టీకి ఇప్పుడు పనికొచ్చే మనిషివి నువ్వే.

జీవో 1 ఎందుకొచ్చిందో ముందు గుర్తు చేసుకుందాం, ఎందుకంటే దాని పుట్టుక మన పక్కనే. 2022 డిసెంబర్ 28న కందుకూరు సభలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు, నాలుగు రోజులకే గుంటూరులో ఇంకో ముగ్గురు. 2023 జనవరి 2న అప్పటి ప్రభుత్వం 1861 పోలీసు చట్టం సెక్షన్ 30 చూపించి రోడ్ల మీద సభలు, ర్యాలీల మీద ఆ జీవో ఇచ్చింది, మే 12న హైకోర్టు కొట్టేసింది. కందుకూరులో చనిపోయిన వాళ్ళ ప్రాణాలు నిజం, ఇరుకు రోడ్డులో సభ పెట్టకూడదనేదీ నిజం, అంబులెన్సు దారి వదలండి, ఇంత వెడల్పు లేని చోట వద్దు అనే రూలు ఏ ప్రభుత్వమైనా పెట్టొచ్చు. అదుపు చేయడానికీ అసలు ఆపేయడానికీ మధ్య గీత ఉంది, వీధుల్లో సభలు పెట్టుకోవడాన్ని సర్కారు క్రమబద్ధం చేయొచ్చు గానీ మొత్తానికి నిషేధించడానికి లేదని సుప్రీంకోర్టు హిమత్‌లాల్ షా కేసులో ఎప్పుడో చెప్పింది. 1857 తిరుగుబాటు చూసి భయపడ్డ తెల్లోళ్ళు రాసుకున్నదే ఆ 1861 పోలీసు చట్టం, ఏ పార్టీ వచ్చినా దాన్ని బీరువాలోంచి తీసి వాడతారు, దిగిపోయాక తిడతారు.

పోస్టుల సంగతి కూడా అంతే. పోస్టులు పెట్టినందుకు అరెస్టులకి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది, ఏడేళ్ళ లోపు శిక్ష పడే కేసుల్లో చీటికీ మాటికీ అరెస్టు చేయొద్దు, ముందు నోటీసిచ్చి పిలవండి అని 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో ఉంది. అరెస్టు చేస్తే 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలని రాజ్యాంగంలోనే ఉంది. అవతల పార్టీ కుర్రాడు ఎంత చెత్త పోస్టు పెట్టాడో నాకు తెలియదు, నిజంగా ఎవరి ఇంటి ఆడవాళ్ళనో తిట్టి ఉంటే కేసు పెట్టాల్సిందే, కానీ అదే మాట మీ గ్రూపులో కుర్రాడు రాస్తే నోటీసు, వాడు రాస్తే తెల్లవారుజామున జీపు అయితే అక్కడ శిక్ష పడుతోంది పోస్టుకి కాదు, పార్టీకి.

మీ గ్రూపు వాళ్ళకి ఒక పని చెప్పు. 2023 జనవరిలో వాళ్ళే పెట్టిన పోస్టులు తీసి, అందులో పార్టీ పేరూ నాయకుడి పేరూ చెరిపేసి ఇవాళ మళ్ళీ పెట్టమను. ఒక్క అక్షరం మార్చకుండా పెట్టగలిగిన వాళ్ళతో నువ్వు మాట్లాడు, మిగతా వాళ్ళతో వాదన వద్దు.

వాళ్ళు చేశారు కాబట్టి మనం చేద్దాం అనేవాళ్ళకి ఎమర్జెన్సీ తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పు. 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా 21 నెలలు, ఒకరి మొహం ఒకరు చూసుకోని సిద్ధాంతాల వాళ్ళంతా మీసా అనే నిర్బంధ చట్టం కింద జైళ్ళలో ఉన్నారు. అక్రమంగా బంధించినా కోర్టుకి పోయే హక్కు లేదు అని 1976లో సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీల్లో నలుగురు తీర్పిస్తే ఎదురు నిలబడింది హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే, దానికి ఆయనకి చీఫ్ జస్టిస్ పదవి పోయింది. జైళ్ళ నుంచి వచ్చి గద్దెనెక్కిన వాళ్ళు 1978లో రాజ్యాంగానికి 44వ సవరణ తెచ్చి, ఎమర్జెన్సీలో అయినా సరే జీవించే హక్కుని, స్వేచ్ఛని సస్పెండ్ చేయడానికి వీల్లేదని రాసి పెట్టారు. అప్పుడు అధికారం వాళ్ళ చేతుల్లోనే ఉంది, ఆ కట్టు ముందు పడింది వాళ్ళ చేతులకే. ఆ ప్రభుత్వంలో తప్పులు చాలా ఉన్నాయి, మూడేళ్ళు కూడా నిలవలా, కానీ ఈ ఒక్క పని వల్ల ఇవాళ నువ్వూ నేనూ కొంచెం ధైర్యంగా ఉన్నాం. మీ నాయకుడిని సెక్షన్ 30 మార్చమని అడుగు, అవతల వాళ్ళ కోసం కూడా మార్చమని అడుగు.

ప్రశ్న: అక్కా, మాది కావలి. మా వీధిలో వరసగా దొంగతనాలు. పోలీసులు కొంతమందిని పట్టుకుని రోడ్డు మీద నడిపిస్తూ కొట్టారు, అందరం చూశాం, నిజం చెప్తున్నా నాకు ధైర్యం వచ్చింది. దానికి మానవ హక్కులు అని కొందరు గోల. దొంగలకి హక్కులేంది? (గృహిణి)

జవాబు: తల్లీ, తాళం పగలగొట్టిన ఇంట్లో ఆ రాత్రి పడుకోవడం ఎట్టా ఉంటుందో తెలుసు, మీ భయాన్ని తక్కువ చేసే మాట ఒక్కటి కూడా నేను అనను. పోలీసులు గస్తీ పెంచాలి, దొంగని పట్టాలి, కోర్టులో శిక్ష పడేట్టు చూడాలి. మీరు చూసింది మాత్రం దానికి ముందే జరిగిపోయిన శిక్ష. వాళ్ళు దొంగలని ఎవరు తేల్చారు?

2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ అమ్మాయికి జరిగిన ఘోరం తలుచుకుంటే ఆ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థమవుద్ది. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన రిపోర్టులో చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన వాళ్ళలో ముగ్గురు మైనర్లని తేల్చింది. పూలు చల్లిన వాళ్ళలో ఎంతమందికి ఈ రిపోర్టు తెలుసో.

మీది కావలి కాబట్టి ఇంకో సంగతి. 1871లో బ్రిటిష్ వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తగిలించారు. నేరం చేసినవాడిని కాకుండా కులం మొత్తాన్ని, పుట్టిన పసిబిడ్డతో సహా, నేరస్తుల లిస్టులో పెట్టే చట్టం అది. ఎరుకల కుటుంబాల్ని తెచ్చి సెటిల్‌మెంట్లలో పెట్టారు, మీ కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్‌మెంటు ఉండేది, బిట్రగుంట పక్కన కప్పరాళ్ళతిప్ప కూడా అట్టా ఏర్పడిందే. హాజరు వేయించుకోవాలి, పాసు లేకుండా ఊరు దాటకూడదు. 1952లో ఆ చట్టం దేశమంతా రద్దయింది. ఆ ఊళ్ళ పిల్లలు ఇప్పుడు చదువుకుని టీచర్లయ్యారు, రైల్వేలో చేస్తున్నారు, అయినా ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఆ ఊరి పేరే నోట్లోకి వస్తుంది. ఆ రోజు రోడ్డు మీద నడిపించిన వాళ్ళు ఏ కాలనీ వాళ్ళు, మీ వీధిలో ఎవరి ఇంట్లో కుర్రాడు దొంగతనం చేసి దొరికితే అట్టా రోడ్డు మీద నడిపిస్తారు, ఈ రెండూ ఆలోచించండి తల్లీ. మనింటి కుర్రాడైతే లాయర్‌ని పిలుస్తాం, ఎమ్మెల్యేకి ఫోన్ చేయిస్తాం.

ప్రశ్న: నమస్తే, నేను నెల్లూరులో స్కూలు టీచర్ని. పొట్టి శ్రీరాములు గారి మీద పిల్లలతో మాట్లాడించాలి. అందరూ 58 రోజుల దీక్షే చెప్తారు. కొత్తగా ఏం చెప్పించను?

జవాబు: మూలాపేట వేణుగోపాలస్వామి గుడికి తీసకపొండి మేడమ్. 1946లో ఆయన ఆ గుడిలోకి దళితుల్ని రానివ్వాలని నిరాహార దీక్ష చేశారు. 1952 దీక్ష మన అందరి కోసం కాబట్టి జిల్లాకే పేరు పెట్టుకుని గుర్తుంచుకున్నాం, 1946 దీక్ష వేరేవాళ్ళ కోసం కాబట్టి మర్చిపోయాం. వైశ్య కుటుంబంలో పుట్టిన ఆయనకి ఆ గుడి తలుపు ఏ రోజూ మూసి లేదు. తనకి మూయని తలుపు కోసం అన్నం మానేశారు. మరుసటి ఏడాది, 1947లో, మద్రాసు రాష్ట్రం ఆలయ ప్రవేశ చట్టం చేసింది. పిల్లల్ని ఆ గుడి మెట్ల దగ్గరే మాట్లాడనివ్వండి, మైకు అక్కర్లేదు.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ రెండో సంవత్సరం. మాది ముత్తుకూరు వైపు ఎస్టీ కాలనీ, యానాదులం. మా మామ రొయ్యల గుంట దగ్గర కాపలా ఉంటాడు, ఓనరు దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరలేదని మానేయనివ్వరు. యాడ మోటారు వైరు పోయినా పోలీసులు ముందు మా మామని పిలిపిస్తారు, రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి పంపుతారు. మా ఊరి పెద్దలు ఇప్పుడు థర్మల్ కేంద్రాల బూడిద కాలుష్యం మీద ధర్నా చేస్తున్నారు, ఆడోళ్ళంతా ఆటోల్లో రండి, జనం కనపడాలి అంటున్నారు. మామని స్టేషన్లో పెట్టినప్పుడు వీళ్ళలో ఒక్కరూ రాలేదు. మేం ధర్నాకి పోవాలా?

జవాబు: అమ్మాయీ, నీ ప్రశ్న చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలా. బూడిద మీ కాలనీ మీదే ఎక్కువ పడుద్ది, ఊపిరి మీది కూడా, ఆ ధర్నా మీది కూడా. కానీ పోవాలా వద్దా అనేది చెప్పే హక్కు నాకు లేదు, మీ కాలనీ ఆడవాళ్ళు కూర్చుని తేల్చుకోవాలి. పోయేట్టయితే మాత్రం తలకాయలు లెక్కపెట్టడానికి పోబాకండి. మా వాళ్ళు ఇద్దరు స్టేజీ మీద మాట్లాడతారు, మామని ఇంకోసారి ఊరికే పిలిపిస్తే ఊరి పెద్దలు ఇద్దరు స్టేషన్‌కి వస్తారు, ఈ రెండూ ముందే అడగండి, నలుగురిలో ఒప్పించుకోండి. ఈ పేజీలో పైన ఉన్న కందుకూరు రైతు ఉత్తరం వాళ్ళకి చదివి వినిపించు.

మామ సంగతి ఆగేది కాదు. ఎవర్నైనా అరెస్టు చేస్తే మెమో రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి, ఇంట్లో వాళ్ళకి చెప్పాలి, ఇదంతా 1996లో డి.కె.బసు తీర్పులో ఉంది. కాయితం లేకుండా రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టడం అక్రమ నిర్బంధం. స్టేషన్లో సీసీ కెమెరాలు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ రోజుల ఫుటేజీ భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా అడగాలి, ఆలస్యమైతే చెరిగిపోయిందంటారు. అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వకపోవడం వెట్టిచాకిరీ కిందకి రావొచ్చు, 1976 చట్టం ప్రకారం అట్టాంటి అప్పు తీర్చక్కర్లేదు, కలెక్టర్‌కి, ఆర్డీవోకి అర్జీ పెట్టొచ్చు. మీరు ఎస్టీలు కాబట్టి లాయర్ ఖర్చు లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సాయం చేయాలి, 15100కి ఫోన్ చేసినా చాలు.

మామని ఏ తేదీల్లో పిలిపించారు, ఎన్ని గంటలకి పంపారు, ఏ కాయితం మీదైనా వేలిముద్ర వేయించుకున్నారా, అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తీసుకున్నాడు, ఇవి ఒక నోటు పుస్తకంలో రాసి ఫోటో తీసి పత్రిక నెంబరుకి పంపు. పేరు బయటికి రాదు. నువ్వు పంపిన రోజే లాయర్‌కి చూపిస్తాను.